ఒంటరి నగరం, వెచ్చని చషకం
లోకంలో పానశాలలు – తొమ్మిదవ భాగం: ఎడో నగరపు ఇజకాయలు

1811లో ఎడో నగరాధికారులు తమ పరిధిలో వండిన తిండి అమ్మే దుకాణాలన్నింటినీ లెక్క పెట్టించినప్పుడు, ఏడు వేలకు మించిన ఆ దుకాణాల్లో 1,808 ఇజకాయలేనని తేలింది. బియ్యాన్ని పులియబెట్టి తయారుచేసే సాకే అనే మద్యాన్ని కొనుక్కుని ఇంటికి పట్టుకుపోకుండా, అక్కడే వెచ్చబెట్టించుకుని, పక్కన ఒక కూరో చేపో పెట్టుకుని తాగి లేచే చోటును జపాన్‌లో ఇజకాయ అంటారు. నేటి టోక్యోకు ఆనాటి పేరైన ఎడోలో అప్పటికి దాదాపు పది లక్షల మంది ఉండేవారు గనుక, ఇంచుమించు ఐదారు వందల మందికి ఒక ఇజకాయ ఉన్నట్టు లెక్క. ఇంత దట్టంగా ఈ దుకాణాలు వెలియడానికి ఎడో ప్రజల తాగుడును కారణంగా చూపితే చరిత్రకు న్యాయం జరగదు. ఆ నగరం ఎలా పుట్టిందో, అందులో ఎవరు ఎలా బతికారో చూస్తే తప్ప ఇజకాయ అర్థం కాదు.

తొకుగావా ఇయెయాసు 1590లో అడుగుపెట్టేనాటికి ఎడో చిత్తడి నేలల అంచున ఉన్న ఒక చిన్న కోట ఊరు. 1603లో ఆయన షోగన్, అంటే చక్రవర్తి పేరు మీద దేశాధికారమంతా చలాయించే సేనాధిపతి, అయ్యాక ఆ ఊరే పాలనకు కేంద్రమైంది. దైమ్యోలనే సామంత ప్రభువులు ఏడాది విడిచి ఏడాది ఎడోలో కాపురం ఉండాలనీ, వారి భార్యాబిడ్డలు ఎప్పుడూ అక్కడే ఉండాలనీ 1635లో మూడవ షోగన్ శాసనం చేశాడు. ప్రభువు వెంట వచ్చిన వందలాది భటులు మాత్రం తమ కుటుంబాలను సొంత ఊళ్ళలో వదిలి రావలసివచ్చేది. ఆ ప్రభువుల భవంతులు కట్టే వడ్రంగులు, తాపీ పనివారు, కాలువలు తవ్వే కూలీలు, పెద్ద వర్తకుల కొట్లలో చిన్నతనం నుంచీ పనిచేస్తూ ముప్పై దాటినా పెళ్ళికి నోచుకోని గుమాస్తాలు కూడా వచ్చి చేరడంతో ఎడో మగవారి ఊరైపోయింది. 1721లో సామాన్య ప్రజలను లెక్కించినప్పుడు, సుమారు ఐదు లక్షల మందిలో పురుషులు 3,20,000 దాటగా స్త్రీలు 1,80,000 లోపే ఉన్నారు; సమురాయి వర్గం ఆ లెక్కలోకి రాలేదు గనుక అసలు తేడా ఇంకా ఎక్కువే ఉండి ఉండాలి.

ఈ ఒంటరి మగవారిలో చాలామంది నగయా అనే పొడుగాటి చెక్క ఇళ్ళలో వాటాలకు ఉండేవారు. ఒక్కో వాటా సాధారణంగా తొమ్మిది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల లోతు మాత్రమే ఉండేది. పొయ్యి, పడక, పనిముట్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. పొద్దస్తమానం ఒళ్ళు వంచి పనిచేసి వచ్చినవాడు ఒక్కడి కోసం పొయ్యి రాజేసి కూర వండుకోవడం కట్టెల ఖర్చు దృష్ట్యా చూసినా గిట్టుబాటు కాని పని. 1657లో మెయిరెకి అగ్నిప్రమాదం ఎడోలో సగానికి పైగా బూడిద చేసి, ఆనాటి అంచనాల ప్రకారం లక్ష మంది వరకూ పొట్టన పెట్టుకున్న తరువాత, నగరాన్ని మళ్ళీ కట్టడానికి ఇరుగుపొరుగు రాష్ట్రాల నుంచి కూలీలు వెల్లువగా రాగా, వారి ఆకలి తీర్చడానికి వండిన కూరలు అమ్మే కొట్లు వీధివీధినా లేచాయి. అయితే నిప్పంటే వణికిపోయే ఆ నగరంలో రాత్రివేళ పొయ్యి పెట్టి వంటలమ్మడం ప్రభుత్వానికి కంటగింపుగా ఉండడంతో, అది 1661లోనే దానిని నిషేధించింది. ఆ నిషేధాన్ని తరువాత పదేపదే గుర్తుచేయవలసి వచ్చిందంటే దానిని ఎవరూ పెద్దగా ఖాతరు చేయలేదనే గ్రహించాలి; పని ముగిసేదే చీకటి పడ్డాక గనుక, చీకటి పడ్డాక తిండి అమ్మవద్దనే ఆజ్ఞ పనివాడికి పస్తుండమనే ఆజ్ఞతో సమానమైంది.

మరో దారిలో సాకే అమ్మే దుకాణాలు కూడా ఇదే గమ్యం వైపు నడిచాయి. మొదట్లో ఇవి కొలిచి పోసి పంపే కొట్లు మాత్రమే. కొన్నవాడు ఒక మూల నిలబడి అక్కడే తాగేసి పోవడం క్రమంగా అలవాటైంది. కాందా ప్రాంతంలో కామకురా రేవు దగ్గర 1596లో మొదలైనట్టు చెప్పే తొషిమాయా దుకాణం ఈ పరిణామానికి మంచి ఉదాహరణ. కోట నిర్మాణం కోసం రాళ్ళూ దుంగలూ దించే రేవు అది. ఆ దుకాణదారు సాకేను దాదాపు కొన్న ధరకే అమ్మి, ఖాళీ పీపాలు అమ్ముకున్న డబ్బునే లాభంగా మిగుల్చుకున్నాడనీ, దానితోపాటు దెంగాకు, అంటే సోయా పాలను విరగ్గొట్టి చేసిన తోఫు ముక్కలను పుల్లలకు గుచ్చి మిసో అనే పులిసిన సోయా ముద్ద పూసి నిప్పుల మీద కాల్చిన వంటకాన్ని, పెద్ద పెద్ద ముక్కలుగా చౌకగా ఇచ్చేవాడనీ ప్రసిద్ధి. సాకే కొట్టుకు తిండి వచ్చి చేరడం, కూరల కొట్టుకు సాకే వచ్చి చేరడం అనే ఈ రెండు కదలికలు కలిసిపోయి, 18వ శతాబ్ది మధ్యకాలానికి ఇజకాయ ఒక ప్రత్యేక వృత్తిగా స్థిరపడింది.

ఆ కొట్లలో పోసిన సాకే మాత్రం చాలావరకూ ఎడోలో తయారైనది కాదు. క్యోటో, ఒసాకా నగరాల చుట్టూ ఉన్న కామిగతా ప్రాంతం నుంచి, ముఖ్యంగా ఇతామి, ఇకెదా, ఆ తరువాత నాదా గ్రామాల నుంచి, సముద్రం మీద వచ్చిన సరుకునే ఎడో ప్రజలు మెచ్చుకున్నారు. ఉడికించిన బియ్యం మీద కోజి అనే బూజును పెంచితే అది పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. అదే తొట్టిలో ఈస్ట్ ఆ చక్కెరను వెంటనే మద్యంగా మారుస్తుంది. ద్రాక్షసారాలో చక్కెర ముందే ఉంటుంది, బీరులో చక్కెర తయారయ్యాకే పులియబెడతారు. సాకేలో ఈ రెండు పనులూ పక్కపక్కనే ఒకేసారి జరుగుతాయి గనుకనే, మరగబెట్టి ఆవిరి పట్టకుండానే ఇరవై శాతానికి దగ్గరగా మద్యసారం తీయడం వీలవుతుంది. తయారైన సాకేను చెడిపోకుండా సన్నని సెగ మీద వేడిచేసే పద్ధతిని నారా నగరంలోని ఒక బౌద్ధ మఠపు దినచర్య గ్రంథం, తమోన్-ఇన్ నిక్కి, 1560ల నాటి నమోదుల్లోనే ప్రస్తావించింది. లూయీ పాశ్చర్ అదే సూత్రాన్ని ప్రయోగశాలలో నిరూపించడానికి మరో మూడు వందల ఏళ్ళు పట్టింది.

1673లో షోగన్ ప్రభుత్వం చలికాలంలో తప్ప సాకే తయారుచేయరాదని ఆజ్ఞాపించడం ఈ పరిశ్రమ రూపాన్నే మార్చేసింది. బియ్యం వాడకాన్ని అదుపులో పెట్టడమే ఆ ఆజ్ఞ ఉద్దేశమైనా, చలిలో మెల్లగా పులిసిన సాకే శుభ్రంగా, నిలవ ఉండేదిగా తయారవుతుందని ఇతామి పనివారికి అప్పటికే తెలుసు. పంట కోతలు అయిపోయి చేతులు ఖాళీగా ఉన్న తంబా కొండప్రాంతపు రైతులు, తోజి అనే పెద్దమేస్త్రి నాయకత్వంలో జట్లుగా దిగివచ్చి, చలికాలమంతా తయారీశాలల్లోనే ఉండి, వసంతంలో నాట్ల సమయానికి ఇళ్ళకు తిరిగి వెళ్ళే ఏర్పాటు దీనివల్లనే బలపడింది. నాదాకు ప్రకృతి కూడా కలిసివచ్చింది: రొక్కో కొండల నుంచి దూకే వాగుల మీద నీటి చక్రాలు పెట్టి, కాలితో తొక్కే రోకళ్ళ కంటే ఎంతో ఎక్కువగా బియ్యాన్ని పాలిష్ పట్టగలిగారు, అవే కొండల మీదుగా వీచే చలిగాలి తయారీశాలలను చల్లగా ఉంచింది. 1840లో యామామురా తాజాయెమోన్ అనే తయారీదారు, తన రెండు తయారీశాలల్లో నిషినోమియాలోనిదే మంచి సాకే ఇవ్వడానికి కారణం అక్కడి బావి నీరేనని కనిపెట్టాడు. ఇనుము బహు తక్కువగా, ఈస్ట్‌కు బలమిచ్చే ఖనిజాలు ఎక్కువగా ఉన్న ఆ నీరు మియామిజు అనే పేరుతో ఆ తరువాత నాదా తయారీదారులందరికీ ప్రాణాధారమైంది.

ఇంత శ్రమతో తయారైన సాకేను సుగి అనే దేవదారు వంటి చెట్టు చెక్కతో చేసిన, సుమారు 70 లీటర్లు పట్టే పీపాలకెత్తి ఓడల్లో ఎడోకు పంపేవారు. ఇతర సరుకులతో కలిపి పంపితే ఆలస్యమవుతున్నదని, 1730 నుంచి సాకే వర్తకులు తరుకైసెన్ అనే పీపాల ఓడలను వేరుగా నడపసాగారు. ఏటా కొత్త సాకే వచ్చే వేళకు ఏ ఓడ ముందుగా ఎడో చేరుతుందా అని పందెం జరిగేది. మామూలుగా ఎన్నో రోజులు పట్టే ప్రయాణాన్ని ఆ పందెపు ఓడలు గాలి అనుకూలిస్తే మూడు నాలుగు రోజుల్లోనే ముగించేవి. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో మంచి సంవత్సరాలలో ఎడోకు చేరిన పీపాలు పది లక్షలకు చేరువయ్యాయి. అలల మీద ఊగుతూ వచ్చిన సాకేకు చెక్క సువాసన పట్టి రుచి మెత్తబడేది. కొందరు కామిగతా రసికులు ఆ రుచి కోసమే పీపాలను ఎడో దాకా పంపి తిరిగి తెప్పించుకుని, దారిలో ఫుజి పర్వతాన్ని చూసివచ్చిన సాకే అని దానికి పేరు పెట్టుకున్నారు.

ఇక వెచ్చబెట్టడం సంగతి. 1585లో జెసూట్ మతాచార్యుడు లూయిస్ ఫ్రోయిస్ యూరప్, జపాన్ ఆచారాలను పక్కపక్కన పెట్టి రాసిన గ్రంథంలో, తన దేశస్థులు ద్రాక్షసారాను చల్లబరుస్తారనీ, జపాన్‌వారు మాత్రం దాదాపు ఏడాది పొడవునా సాకేను వెచ్చబెట్టుకుంటారనీ గమనించాడు. ఈ అలవాటుకు వెనుక ఆస్థానాల చరిత్ర ఉంది. తొమ్మిదో నెల తొమ్మిదో రోజున వచ్చే చేమంతుల పండుగ మొదలు మూడో నెల మూడో రోజున వచ్చే పీచ్ పూల పండుగ వరకూ, అంటే చలి మొదలైన నాటి నుంచి వసంతం దాకా, సాకేను వెచ్చబెట్టి తాగడం పాత కులీనుల మర్యాద. తకాకురా చక్రవర్తి ఎంతో ముద్దుగా పెంచుకున్న ఎర్రాకుల మేపుల్ చెట్ల రాలిన ఆకులనూ కొమ్మలనూ సేవకులు సాకే వెచ్చబెట్టుకోవడానికి తగలబెట్టేస్తే, ఆయన కోపగించక, చైనా కవి బాయ్ జూయీ కవితలోని భావాన్ని తలచుకుని ఆ సేవకుల రసికతను మెచ్చుకున్నాడని హెయికె మొనొగతారి ఇతిహాసం చెబుతుంది. ఆ కథలో అసలు ఆసక్తికరమైన వారు చక్రవర్తి కాదు, చలికి తాళలేక అందిన ఆకులతో మంట వేసుకున్న ఆ సేవకులు. వారికి కవిత్వం తెలిసి ఉండవలసిన అవసరమే లేదు.

ఎడో కాలానికి ఈ ఆచారానికి వైద్యం కూడా తోడైంది. ఎనభై ఏళ్ళు దాటిన వయసులో కైబారా ఎకికెన్ రాసిన యోజోకున్ అనే ఆరోగ్య గ్రంథం 18వ శతాబ్ది తొలినాళ్ళలో ఇంటింటా చదువుకున్న పుస్తకం. వేసవిలోనైనా చలికాలంలోనైనా సాకేను మరీ చల్లగానూ మరీ వేడిగానూ తాగరాదనీ, గోరువెచ్చగా తాగాలనీ, కొద్దిగా తాగితే మేలు చేసే సాకే మితిమీరితే అంతకంటే హాని చేసేది లేదనీ అందులో ఆయన హెచ్చరించాడు. ఋతువుతో పనిలేకుండా ఏడాది పొడవునా వెచ్చబెట్టుకోవడం క్రమంగా సామాన్యుల నిత్యకృత్యమైంది. రుచి దృష్టితో చూసినా ఇందులో అర్థముంది: సాకేలో మజ్జిగకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లమే కాక సక్సినిక్ ఆమ్లం కూడా ఉంటుంది, ఈ రెండూ వెచ్చదనంలో గుండ్రంగా, నిండుగా తోస్తాయి, బియ్యం నుంచి వచ్చిన తీపి కూడా వేడికి పైకి తేలుతుంది.

ఇజకాయలో ఈ పని చేసేవాడు దుకాణంలో ముఖ్యుడు. చిరోరి అనే, పిడీ మూతీ ఉన్న పొడుగాటి లోహపు గిన్నెలో సాకే పోసి, దానిని వేడినీళ్ళలో దించి, సరిగ్గా అదునుకు పైకి తీసేవారు. నేరుగా మంట మీద పెడితే మద్యసారం ఎగిరిపోయి వాసన పాడవుతుంది. వెచ్చదనానికి నేటికీ మెట్లమెట్లుగా పేర్లున్నాయి: 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నదానిని ఎండపొడ వెచ్చన అనీ, 35 దగ్గరిదానిని ఒంటి వెచ్చన అనీ అర్థం వచ్చే మాటలతో పిలిచి, 40 దగ్గర నురుకన్, 45 దగ్గర జోకన్, 50 దగ్గర అత్సుకన్, 55 దగ్గర తొబికిరికన్ అంటారు. 1837లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి తన కాలపు ఆచారాలన్నీ బొమ్మలతో సహా నమోదు చేసిన కితగావా మొరిసాదా, ఈ విషయంలో రెండు ప్రాంతాల తేడాను నిశితంగా పట్టుకున్నాడు. క్యోటో, ఒసాకాలలో ఇంకా చోషి అనే పొడుగు ముక్కు లోహపాత్రలోకి ఒంపి వడ్డిస్తుండగా, ఎడోలో మర్యాద విందుల్లో తప్ప మిగతా చోట్ల తొక్కురి అనే పింగాణీ సీసాలోనే వెచ్చబెట్టి, ఆ సీసానే నేరుగా ముందు పెట్టే పద్ధతి కొత్తగా వచ్చిందని రాసి, లోహం తగలదు గనుక రుచి బాగుంటుందనీ, ఒక పాత్రలోంచి మరొకదానిలోకి ఒంపరు గనుక చల్లారదనీ కారణాలు కూడా చెప్పాడు. నేడు ప్రపంచమంతటా జపాన్ సాకేకు గుర్తుగా చూసే సన్నని మెడ సీసా, చిన్న చషకం జంటను ఈ విధంగా సామాన్యుల పానశాలలే స్థిరపరిచాయి. పాత రాజధాని మర్యాదలకు అందులో భాగం తక్కువ.

ఆనాటి ఇజకాయ లోపలి దృశ్యాన్ని సినిమాలు కొంత చెరిపేశాయి. ఎత్తైన బల్లల చుట్టూ పీపాల మీద కూర్చుని సమురాయిలు తాగుతున్నట్టు తెర మీద కనిపించేది తరువాతి కల్పన. బల్లలూ కుర్చీలూ ఇజకాయల్లోకి ప్రవేశించింది 1868లో మొదలైన మేజీ యుగంలోనూ ఆ తరువాతా మాత్రమే. ఎడో కాలపు చిత్రాలలో గిరాకీలు చాప పరిచిన అరుగు మీద బాసింపట్టు వేసుకునో, వెడల్పాటి పీట అంచున ఒక కాలు మడిచి పెట్టుకునో, తమ పక్కనే తొక్కురినీ పళ్ళేన్నీ ఉంచుకుని తాగుతూ కనిపిస్తారు. గుమ్మానికి తాళ్ళను వరసగా వేలాడదీసిన తెర ఉండేది. దాని పక్కన ఆక్టోపస్‌నో బాతునో చేపనో వేలాడదీసి, లోపల ఏమి దొరుకుతుందో దారినపోయేవారికి చూపించేవారు. బండి తోలేవాడు, పల్లకి మోసేవాడు, ప్రభువు భవంతిలోని చిన్న భటుడు ఒకే అరుగు మీద కూర్చోవడం, పుట్టుకను బట్టి ప్రతి మనిషికీ చోటు నిర్ణయించిన ఆ సమాజంలో చిన్న విషయం కాదు. రచయిత షికితెయి సంబా 1806లో అచ్చువేసిన నమయెయి కతాగి అనే పుస్తకం నిండా ఏడ్చే తాగుబోతు, జగడాల తాగుబోతు, చెప్పిందే చెప్పే తాగుబోతు వంటి రకాలు సజీవంగా కనిపిస్తాయి.

అక్కడి తిండి చౌకైనదే గాని కాలాన్ని ఎరిగినది. చామదుంపలను సోయా రసంలో దొర్లిస్తూ ఉడికించిన కూర ఏడాదిలో చాలాకాలం దొరికేది. చలి ముదిరాక వేడినీళ్ళలో తేలుతున్న తోఫు, మాంక్‌ఫిష్ అనే లోతునీటి చేప పులుసు, విషం ఉందని తెలిసి కూడా ధైర్యం చేసి తినే ఫుగు చేప పులుసు, ఉల్లికాడలతో ట్యూనా ముక్కలు కలిపి ఉడికించిన నెగిమా వచ్చేవి. ట్యూనాలో కొవ్వు ఎక్కువగా ఉండే పొట్టభాగం త్వరగా చెడిపోతుందని గొప్పవారు అప్పట్లో ముట్టేవారు కాదు గనుకనే అది కూలివాడి గిన్నెలోకి చేరింది. నేడు అదే భాగం సుషీ దుకాణాల్లో అన్నిటికంటే ఖరీదైనది. ఒక్కొక్కరికీ చిన్న కుంపటి, దాని మీద చిన్న మూకుడు పెట్టి ఉడుకుతుండగానే తినే కొనాబె పద్ధతి కూడా ఒంటరిగా వచ్చి కూర్చునే మనిషి కోసం పుట్టినదే. తోఫు ఒక్కదానితోనే నూరు వంటకాలు చెప్పే తోఫు హ్యకుచిన్ అనే పుస్తకం 1782లో ఒసాకాలో వెలువడి విశేషంగా అమ్ముడుపోయిందంటే, చవక పదార్థం పట్ల ఆ సమాజానికి ఎంత శ్రద్ధ ఉండేదో తెలుస్తుంది.

జపాన్ భోజన సంప్రదాయం ప్రతి పదార్థపు కాలాన్నీ మూడుగా విడదీస్తుంది: తొలిసారి కనిపించే హషిరి, నిండుగా పండే షున్, వెళ్ళిపోతున్న నగోరి. హషిరి మీద ఎడో ప్రజల మోజు ఎంతగా పెరిగిందంటే, ధరలు పెరిగిపోతున్నాయని 17వ శతాబ్ది రెండో సగంలో ప్రభుత్వం ఫలానా కూరగాయను, ఫలానా చేపను ఫలానా నెలకు ముందు అమ్మరాదని పలుమార్లు ఆజ్ఞలు జారీచేసింది. వేసవి తొలినాళ్ళలో వచ్చే కత్సువో, ట్యూనా జాతికి చెందిన చేప, ఈ మోజుకు పరాకాష్ఠ. 1812లో రేవుకు చేరిన తొలి చేపల్లో ఒకదానిని కబుకి నటుడు నకామురా ఉతాయెమోన్ మూడు ర్యోల బంగారానికి కొన్నాడని ఆనాటి రచయిత ఓతా నంపో రాసిపెట్టాడు. ఇజకాయ అరుగు మీది కూలివాడికి ఆ చేప అందేది కాదు. అతనికి అందింది షున్: నిండుగా దొరికి, ధర దిగివచ్చి, రుచి పండిన సమయంలోని చేప, దుంప, ఆకుకూర. గొప్ప కోసం కాలానికి ముందే కొన్నవాడి కంటే కాలానికి తిన్నవాడే మంచి భోజనం చేశాడని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ప్రభుత్వం ఇజకాయను ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. సాకేకు వాడే ప్రతి గింజా ఆకలిగొన్నవాడి నోటికి అందని గింజే గనుక, 1780లలో తెన్మెయి కరువు లక్షలాది ప్రాణాలు తీసి, 1787లో ఎడోలోనే బియ్యపు కొట్లు లూటీ అయ్యాక, ఆనాటి ముఖ్యమంత్రి మత్సుదయిరా సదనోబు సాకే తయారీని మూడో వంతుకు కుదించాడు. ఎడో డబ్బు పడమటికి పోకుండా చుట్టుపక్కల కాంతో ప్రాంతంలోనే మంచి సాకే తయారుచేయించాలని కూడా ప్రయత్నించాడు. అతని ఆంక్షలు సడలగానే పీపాల ఓడలు మునుపటికంటే ఎక్కువగా వచ్చాయి. మేజీ ప్రభుత్వం సాకేను అణచకుండా పన్నుగా పిండుకుంది: 1899లో సాకే పన్ను రాబడి భూమిశిస్తును మించిపోయింది, ఇళ్ళలో సాకే చేసుకోవడం ఆ ఏడే పూర్తిగా నిషిద్ధమైంది. చైనాతో ముగిసిన యుద్ధపు ఖర్చులకూ, రష్యాతో రాబోతున్న యుద్ధపు సన్నాహాలకూ పానశాలలోని కూలివాడు ప్రతి చషకానికీ తన వంతు చెల్లించాడు.

రెండవ ప్రపంచయుద్ధపు బియ్యం కొరతలో సాకేకు మద్యసారం, చక్కెర, ఆమ్లాలు కలిపి మూడింతలు చేసే పద్ధతి వచ్చి, యుద్ధానంతరం కూడా చాలాకాలం నిలిచిపోయింది. వెచ్చబెట్టిన సాకే అంటే నాసిరకం రుచిని కప్పిపుచ్చే వేడి అనే చెడ్డపేరు ఆ కాలపు సరుకు వల్లనే వచ్చింది గాని ఆచారం వల్ల కాదు. 1980లలో బియ్యాన్ని ఎక్కువగా పాలిష్ పట్టి చేసే, పండ్ల పరిమళం గల గింజో సాకే చల్లగా తాగడం నాగరికతకు గుర్తైంది. అదే కాలంలో గొలుసు ఇజకాయలు రైల్వే స్టేషన్ల చుట్టూ విస్తరించాయి. నిండైన రుచిగల సాకేను వెచ్చగా వడ్డించడాన్నే ప్రత్యేకతగా చెప్పుకునే దుకాణాలు మళ్ళీ ఇటీవల గౌరవం పొందుతున్నాయి. కోజితో సాకే తదితర మద్యాలు తయారుచేసే సంప్రదాయ విద్యను యునెస్కో 2024 డిసెంబర్‌లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

1856లో సాకే కొట్టుగా మొదలై తరువాత ఇజకాయగా మారిన కాగియా అనే దుకాణపు చెక్క భవనం రోడ్డు వెడల్పు చేయడంలో కూలిపోవలసింది. దానిని విప్పి తీసుకుపోయి, టోక్యో పడమటి శివారు కొగానెయిలోని ఆరుబయలు వాస్తు మ్యూజియంలో, ప్రముఖుల భవంతుల సరసన మళ్ళీ నిలబెట్టారు. దుకాణం మాత్రం మ్యూజియంలో ఆగిపోలేదు. నెగిషిలో పాత చోటుకు దగ్గరలోనే మరో పాత ఇంట్లో తలుపులు తెరిచి, వెచ్చని తొక్కురిలు అందిస్తూనే ఉంది.